దేవుని చిత్తానికి లోబడడమంటే సొంత కోరికలను చంపుకోవడమేనా?

దేవుని అధికారాన్ని ఒప్పుకున్న విశ్వాసికి సొంత కోరిక అంటూ ఉండకూడదా, ఉంటే అది తిరుగుబాటు అవుతుందా అని మీరు అడిగారు. కాదనే నా జవాబు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే అనే చోట యేసు, తాను పొందబోయే శ్రమ అనే గిన్నె తన యొద్దనుండి తొలగిపోవాలని తండ్రిని వేడుకున్నాడు. అవే మాటలతో మూడోసారి కూడా ప్రార్థించాడని మత్తయి సువార్త 26వ అధ్యాయంలో ఉంది. కాబట్టి అడగడం అవిధేయత కాదు. కాదన్న జవాబు వచ్చిన తరువాత ఆ కోరికను మనం ఏం చేస్తామన్న దగ్గరే లోబడడం మొదలవుతుంది.

ఈ విషయంలో నాకు ఎక్కువగా దారి చూపినది ఇశ్రాయేలు రాజైన దావీదు జీవితం. తాను దేవదారు మ్రానుల ఇంట్లో నివసిస్తూ ఉండగా దేవుని సన్నిధికి గుర్తైన మందసం అనే పెట్టె డేరాలో ఉండడం ఆయన మనసుకు ఒప్పలేదు. మందిరం కట్టాలన్న ఆ ఆశలో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. నాతాను ప్రవక్త సైతం వెంటనే సరేనన్నాడు గానీ, మందిరం కట్టేది దావీదు కాదు, ఆయన కుమారుడని ఆ రాత్రే దేవుని వాక్కు రావడంతో తన మాటను తానే మార్చుకోవలసి వచ్చింది. ("ప్రభువు నాతో చెప్పాడు" అంటూ మీ పెళ్లి సంబంధమో, ఉద్యోగమో తేల్చేవారు ఎదురైతే 2 సమూయేలు 7వ అధ్యాయాన్ని గుర్తు చేసుకోండి. దేవునికి లోబడడం వేరు, ఆయన పేరు చెప్పే ప్రతివారికీ లోబడడం వేరు.) దావీదు అలిగి కూర్చోలేదు. తలుపుల మేకులకు కావలసిన ఇనుము మొదలుకొని ఇత్తడి, దేవదారు మ్రానుల వరకు సమకూర్చి, నమూనాతో సహా కుమారుడైన సొలొమోను చేతిలో పెట్టాడని దినవృత్తాంతముల మొదటి గ్రంథం చెబుతోంది.

మా ఇంట్లో పెద్దకొడుకును నేను. వేదాంత శిక్షణ పొంది సేవకుడిని కావాలని డిగ్రీ రోజుల నుండీ ప్రార్థించాను. అంతలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. మంచాన పడిన ఆయననూ, ఇంటి మీది అప్పునూ వదిలి వెళ్లే వీలు లేక ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాను. కొన్నేళ్లకు తమ్ముడు అదే శిక్షణకు వెళ్తానన్నాడు. వాడి ఫీజు నేనే కట్టవలసి వచ్చింది. మొదటిసారి డబ్బు పంపిన రోజున నా ప్రార్థనలో స్తోత్రం లేదు, "ప్రభువా, నాకు కాదన్నది వాడికెందుకు ఇచ్చావు?" అన్న మాటే ఉంది, అయినా డబ్బు పంపాను. కూటాల్లో కన్నీళ్లతో ఒక్కసారిగా సర్వం సమర్పించుకున్నామని చెప్పే సాక్ష్యాలను నేను కాదనను. నా విషయంలో మాత్రం అది నెలనెలా జరిగిన పని, మనసు ఎంతో ఆలస్యంగా కలిసివచ్చింది.

అందుకే, ఇష్టం పుట్టిన తరువాత లోబడదామని ఆగవద్దనీ, బాధ ఉన్నదంటే విశ్వాసం లేదని అనుకోవద్దనీ మీకు చెబుతున్నాను. నాలో ఆ కోరిక పూర్తిగా చావలేదు. ఆదివారం తమ్ముడు వాక్యం చెబుతూ ఉంటే, అదే భాగాన్ని నేనైతే ఎలా వివరించేవాడినో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక్కోసారి భోజనాల దగ్గర ఆ మాట వాడితో అంటాను. నచ్చితే నోట్‌బుక్‌లో రాసుకుంటాడు, నచ్చకపోతే చేయి కడుక్కునేదాకా నాతో వాదిస్తాడు.