మీ బండి, మీ ప్రశ్న: సీటు కింద ఇంజిన్ ఉన్న వ్యాన్ల గురించి

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మారుతి వ్యాన్ల గురించే ఉన్నాయి. 1984లో మొదలై ఓమ్నీ అనే పేరుతో 2019 వరకూ తయారైన పాత బండి గానీ, 2010లో వచ్చిన ఈకో గానీ, హైదరాబాదులో నీళ్ల క్యాన్లు, బేకరీ ట్రేలు, ఎలక్ట్రీషియన్ల సామాను, విందు భోజనాల గిన్నెలు మోస్తూ కనబడని వీధి ఉండదు. రెండింటిలోనూ ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. దాని శక్తి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక చక్రాలకు చేరుతుంది. సీటు లేపితే తప్ప ఇంజిన్ కనబడదు, కిందికి వంగితే తప్ప షాఫ్టు కనబడదు కనుక, ఇతర బండ్లలో ముందుగానే కంటబడే లోపాలు వీటిలో రోడ్డు మీద బండి ఆగినప్పుడే బయటపడతాయి.

ప్రశ్న: నీళ్ల క్యాన్ల సరఫరాకు ఈకో వాడుతున్నాను. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాను. అయినా సోమవారం ఉదయం తాళం తిప్పితే "టిక్" అని ఆగిపోతుంది, తోస్తే గానీ స్టార్టు కాదు. మిగతా రోజులు ఇబ్బంది లేదు. బండికి జీపీఎస్, వెనుక కెమెరా, పాటల సెట్టు బయట పెట్టించాను. ఇప్పుడు డైనమో మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా?
— బోడుప్పల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడే మార్చవద్దు. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీని నింపే డైనమో చెడిపోతే బండి అన్ని రోజులూ ఇబ్బంది పెడుతుంది. ఆదివారం సెలవు తరువాత మాత్రమే పెడుతున్నదంటే, బండి నిలిచి ఉన్నప్పుడు ఏదో ఒక పరికరం బ్యాటరీని తాగేస్తున్నదని అర్థం. లెక్క చూడండి. శనివారం రాత్రి 9 గంటలకు ఆపిన బండిని సోమవారం ఉదయం 6 గంటలకు తీస్తే మధ్యలో 33 గంటలు గడుస్తాయి. అర ఆంపియరు కరెంటు నిరంతరం కారిపోతున్నా, ఆ సమయంలో 16 ఆంపియర్-గంటలకు పైగా పోతుంది. మీ బ్యాటరీ సామర్థ్యం 35 ఆంపియర్-గంటలైతే దాదాపు సగం ఖాళీ అయినట్టే. ఇలా వారం వారం ఖాళీ అయ్యే బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఆయుష్షు తరిగిపోతుంది. మీ రెండు బ్యాటరీలూ పోయింది బహుశా ఇందువల్లనే. వాటిని తయారు చేసినవారి తప్పు ఇందులో కనబడదు.

కొన్ని వందల రూపాయలు పెట్టి ఒక మల్టీమీటరు కొనుక్కోండి. మొదట, రాత్రంతా నిలిచిన బండి బ్యాటరీ మీద వోల్టేజీ చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే సుమారు ముప్పాతిక, 12.0 దగ్గరికి వస్తే దాదాపు ఖాళీ. తరువాత బండి స్టార్టు చేసి, హెడ్‌లైట్లు వేసి, మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపిస్తే మీ డైనమో పని తాను చేస్తున్నది. 13 దాటకపోతే అప్పుడు కూడా ముందు బెల్టు బిగువు, డైనమో వెనుక ఉన్న తీగల బిగింపు, ఆ తరువాత కార్బన్లు (డైనమో లోపల తిరిగే భాగానికి ఆనుకొని కరెంటు అందించే ముక్కలు) చూడాలి. డైనమో మొత్తం మార్చడం చివరి మాట.

ఇక కరెంటు ఎక్కడ కారుతున్నదో పట్టుకోవాలి. తాళం తీసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ మైనస్ కొసకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి కలపండి. మీటరు అలా ఉన్నంతసేపూ తాళం పెట్టి స్టార్టు చేసే ప్రయత్నం చేయకూడదు, చేస్తే మీటరు కాలిపోతుంది. అరగంట ఆగితే బండిలోని ఎలక్ట్రానిక్ భాగాలు నిద్రలోకి వెళతాయి. అప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫరవాలేదు. మీటరు 300, 500 చూపిస్తుంటే ఒక్కొక్క ఫ్యూజు తీసి చూడండి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. మీరు బయట పెట్టించిన మూడు పరికరాల తీగలను మొదట అనుమానించండి. పాటల సెట్టుకు తాళంతో ఆగే తీగ ఇవ్వవలసిన చోట బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చేస్తే అది రాత్రంతా మేలుకొనే ఉంటుంది. సామాను పెట్టే చోట ఉండే దీపం స్విచ్చి దుమ్ముకు ఇరుక్కుపోవడం కూడా ఈ బండ్లలో తరచుగా చూశాను. తలుపు మూశాక లోపల దీపం వెలుగుతున్నదో లేదో బయటికి తెలియదు కనుక, ఫోనులో వీడియో పెట్టి లోపల ఉంచి తలుపు మూసి చూడండి.

"టిక్" అనే శబ్దం గురించి మరొక్క మాట. సెల్ఫ్ మోటారు బండిని తిప్పేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. వెళ్లిన కరెంటంతా ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు వచ్చే ఎర్త్ తీగ మీదుగా తిరిగి రావాలి. ఆ దారిలో తుప్పు వల్ల ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఏర్పడినా, వంద ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద, రెండో కొసను ఇంజిన్ మీద శుభ్రమైన ఇనుము దగ్గర పెట్టి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు రావాలి. 0.5 దాటితే ఎర్త్ తీగ రెండు కొసలూ విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. క్యాన్ల నుంచి నీళ్లు ఒలికే మీ బండిలో ఈ పరీక్ష ఏడాదికి రెండుసార్లు చేయడం మంచిది.

ప్రశ్న: బేకరీ సరుకు వేసుకొని కాటేదాన్ నుంచి కోఠి వరకూ రోజూ తిరుగుతాను. ఎండాకాలంలో సిగ్నళ్ల దగ్గర ఉష్ణోగ్రత సూచిక పైకి పోతున్నది, బండి కదిలితే దిగుతున్నది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ తీసేశాడు. రేడియేటరులో బోరు నీళ్లు పోస్తున్నాను. ఇంజిన్ పాడవుతుందేమోనని భయంగా ఉంది.
— రాజేంద్రనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిలిచినప్పుడు పెరిగి, కదిలినప్పుడు తగ్గుతున్నదంటే రేడియేటరుకు గాలి చాలడం లేదు. బండి పరుగెడితే ఎదురుగాలి ఆ లోటు తీరుస్తుంది. అందుచేత ముందు ఫ్యాను చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా బండి ఆన్‌లో ఉంచితే ఫ్యాను తనంతట తాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి, ఆపే స్విచ్చి), ఉష్ణోగ్రత సెన్సారు, ఫ్యాను మోటారు ఈ వరుసలో చూడాలి. కొందరు ఫ్యానుకు డ్యాష్‌బోర్డు మీద విడిగా స్విచ్చి పెట్టేస్తారు. రద్దీలో ఆ స్విచ్చి వేయడం మరచిపోయిన ఒక్క రోజు చాలు, సిలిండర్ హెడ్ వంగడానికి. ఫ్యాను బాగానే తిరుగుతుంటే రేడియేటరు బయటి రెక్కలలో పేరుకున్న దుమ్మును నెమ్మదైన నీటి ధారతో కడిగించండి. ఇందుకు భిన్నంగా, ఔటర్ రింగు రోడ్డు మీద ఆగకుండా పోతున్నప్పుడే సూచిక పెరిగితే, లోపం గాలిది కాదు, నీళ్ల ప్రవాహానిది. అప్పుడు రేడియేటరు లోపలి పూడికను, నీళ్ల పంపును చూడాలి.

థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. అది 80 డిగ్రీలు దాటాక తెరుచుకొనే చిన్న తలుపు. దానిని తీసేస్తే ఇంజిన్ వేడెక్కవలసినంత వేడెక్కదు. బండి ఇంకా చల్లగానే ఉందనుకొని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది, మైలేజీ పడిపోతుంది, కాలని పెట్రోలు ఆయిలులో కలుస్తుంది. పైగా మీ అసలు జబ్బు దాని వల్ల కొద్దిగా మరుగున పడిందే గానీ నయం కాలేదు.

బోరు నీళ్లు ఈ రోజే మానండి. మన నగరంలో బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకొనే తెల్లని పొరే ఇంజిన్ లోపలి దారులలోనూ పేరుకుంటుంది. రేడియేటరు ఖాళీ చేయించి, కడిగించి, కూలెంటు సగం, డిస్టిల్డు వాటరు సగం పోయించండి. పోసిన తరువాత లోపలి గాలి బయటికి పోయేదాకా ఇంజిన్ నడిపి మళ్లీ మట్టం చూడాలి. రేడియేటరు మూతను కూడా చిన్నచూపు చూడవద్దు. అది లోపల ఒత్తిడి నిలబెట్టడం వల్లనే కూలెంటు 120 డిగ్రీల దగ్గరికి వెళ్లేదాకా మరగదు. రబ్బరు ఎండిపోయిన మూతను మార్చడానికి అయ్యే ఖర్చు తక్కువ.

సూచిక ఎర్ర గీత దగ్గరికి వస్తే ఏసీ ఆపి, బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపండి. ఈ బండిలో ఇంజిన్ మీరు కూర్చున్న సీటు కిందే ఉంది కనుక, కంగారుగా సీటు లేపి వేడి మూత తిప్పినవారికి ఆవిరి నేరుగా ముఖానికి కొడుతుంది. పూర్తిగా చల్లారేదాకా ఆగండి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు. ఆ తరువాత ఆయిలు పుల్ల మీద పాలు కలిపిన టీ రంగు కనిపించినా, రేడియేటరులో బుడగలు ఆగకుండా వస్తున్నా హెడ్ గాస్కెట్ (ఇంజిన్‌కూ దాని పైనున్న సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే పొర) పోయినట్టు భావించి, బండిని నడపకుండా లాగించుకొని వెళ్లండి.

ప్రశ్న: బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చే పాత ఓమ్నీ ఉంది. క్లచ్ వదిలినప్పుడల్లా కింద "టక్" అంటున్నది, 60 వేగం దగ్గర బండి అంతా వణుకుతున్నది. చక్రాలు బ్యాలెన్సు చేయించినా తగ్గలేదు.
— ఒక చిరు వ్యాపారి, అల్వాల్

జవాబు: రెండు లక్షణాలూ కలిసి ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు క్రాసులవైపు (షాఫ్టు కొసలు వంగుతూ తిరగడానికి వీలిచ్చే కూడలి ముక్కలవైపు) చూపుతున్నాయి. చదునైన చోట బండి ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. క్రాసు దగ్గర ఆట, అంటే వదులు, కనిపించినా, దాని గిన్నెల చుట్టూ ఇటుక రంగు పొడి రాలుతున్నా అది అరిగిపోయినట్టే. ఆలస్యం చేయవద్దు, పరుగులో ఆ జాయింటు విరిగితే షాఫ్టు నేలకు తగిలి బండినే పక్కకు విసరగలదు. విప్పే ముందు షాఫ్టు, ఫ్లాంజి రెండింటి మీదా సుద్దతో గుర్తు పెట్టమనండి. తిరిగి అదే స్థానంలో బిగించకపోతే కొత్త క్రాసు వేసినా వణుకు పోదు. ఆట జాయింటులో కాక వెనుక హౌసింగులో ఉంటే క్రౌన్ పినియన్ (షాఫ్టు తిప్పుడును వెనుక చక్రాలకు మళ్లించే పళ్ల చక్రాలు) చూడాలి, ముందుగా అందులో ఆయిలు మట్టం చూడాలి.

మీరు ఎంత బరువు వేస్తున్నారో రాయలేదు. మీ ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువు నుంచి ఖాళీ బండి బరువు తీసివేస్తే మనుషులతో కలిపి ఎంత మోయవచ్చో వస్తుంది. ఒకసారి నిండు బండిని కాటా మీద తూయించండి. వెనుక కమాన్లు అణగిపోతే షాఫ్టు కోణం మారి క్రాసులు త్వరగా అరుగుతాయి. కొత్త క్రాసు ఎంతకాలం వస్తుందో ఈ ఒక్క లెక్క మీద ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: విందులకు వంటలు చేసి పంపిస్తాము. వ్యాను పక్క తలుపు జరపడానికి ఇద్దరు కావలసి వస్తున్నది. గ్రీజు ఎంత పూసినా మళ్లీ అంతే.
— సికింద్రాబాదు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పూసిన గ్రీజే ఇక్కడ శత్రువు. పట్టాలో బియ్యపు గింజలు, దుమ్ము, నూనె అన్నీ దానికి అంటుకొని ముద్ద అవుతాయి. కిరోసిన్ గుడ్డతో పట్టాలను పూర్తిగా తుడిచి, పొడిగా ఆరే సిలికాన్ స్ప్రే పలుచగా కొట్టండి. అప్పటికీ బిగుసుకుంటే రోలరు అరిగి ఉంటుంది.

ప్రశ్న: హెడ్‌లైట్ల వెలుగు చాలక 100/90 వాట్ల బల్బులు వేయించాను. నెలలో స్విచ్చి దగ్గర ప్లాస్టిక్ కరిగింది.
— శంషాబాద్ నుంచి ఒక డ్రైవరు

జవాబు: అసలు బల్బులు 60/55 వాట్లవి. రెండింటికీ కలిపి పెద్ద వెలుగులో సుమారు 10 ఆంపియర్లు పడుతుంది, మీరు వేసినవాటికి 16 దాటుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు 2.8 రెట్లయింది. పాత బల్బులే తిరిగి వేసి, లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ మీద ఎంత, బల్బు కొనల వద్ద ఎంత వోల్టేజీ ఉందో కొలవండి. దారిలో పదో వంతు పోతే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. తుప్పు పట్టిన ఎర్త్ శుభ్రం చేయించి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కూడిన మందపాటి తీగ, రిలే వేయిస్తే మామూలు బల్బే మీకు చాలినంత వెలుగిస్తుంది. మసకబారిన లైటు అద్దాలను పాలిష్ చేయించడం కూడా మరువకండి.

ప్రశ్న: సీఎన్‌జీ మీద ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మిస్ కొడుతున్నది. పెట్రోలు మీద బాగుంది. గ్యాస్ కిట్టు మార్చాలా?
— మియాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గ్యాసును అంటించడానికి పెట్రోలు కంటే బలమైన నిప్పురవ్వ కావాలి. అందుచేత ప్లగ్గులు, కాయిళ్లు కొంచెం బలహీనపడినా పెట్రోలు మీద తెలియని లోపం గ్యాసు మీద, అదీ భారం పడినప్పుడు, ముందుగా బయటపడుతుంది. ప్లగ్గులు మార్చి, వాటి సందు బండి పుస్తకంలో చెప్పినంతే ఉంచి, గాలి ఫిల్టరు, గ్యాస్ ఫిల్టరు చూపించండి. అప్పటికీ తగ్గకపోతేనే గ్యాసు ఒత్తిడి తగ్గించి ఇంజిన్‌కు పంపే రెగ్యులేటరు జోలికి వెళ్లాలి. సిలిండరులో గ్యాసు సుమారు 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది కనుక ఆ పనిని వీధి చివరి షెడ్డులో చేయించవద్దు. సిలిండరుకు మూడేళ్లకొకసారి హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) తప్పనిసరి. దాని మీద కొట్టిన తేదీని ఈ సందర్భంలోనే చూసుకోండి.