బయాప్సీలో క్యాన్సర్ అని తేలినాక కూడా ఆపరేషన్ వెంటనే ఎందుకు చెయ్యరు?

చిత్తూరు తమ్ముడూ, అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలి పది రోజులైనా ఇంకా పెట్ స్కాన్ (క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడికి పాకిందో చూసేది), ఎకో (గుండె స్కాన్) అని తిప్పుతున్నారు, ఈలోపు ముదిరిపోదా అన్నావు. మామూలుగా టెస్టులకి పట్టే ఒకటి రెండు వారాల్లో అంత తేడా రాదు, మరీ నెలలు లాగకుండా చూసుకో అంతే.

అసలు ముందు ఆపరేషనా కీమోనా అని చెప్పేదే ఆ టెస్టులు. బయాప్సీకి గడ్డలోంచి తీసిన ముక్క మీదే ఐహెచ్‌సీ అని రంగులేసే టెస్టు చేసి, అది ఏ రకం క్యాన్సరో తేల్చే ఈఆర్, పీఆర్ (హార్మోన్లకి సంబంధించినవి), హెర్2 (ఒక ప్రోటీన్) చూస్తారు, గడ్డ పెద్దదైతేనో హెర్2 పాజిటివ్ వస్తేనో చాలాసార్లు కీమోతో గడ్డని తగ్గించినాకే కత్తి పట్టుకుంటారు, ఎముకలకో లివర్‌కో పాకి ఉంటే లెక్కే వేరు. ఎకో ఏమో గుండె మత్తుకీ మందులకీ తట్టుకుంటాదా అని.

పెట్‌కి డేట్ ఇచ్చేది ఎందుకంటే, అందులో ఎక్కించే ఎఫ్‌డీజీ అనే రేడియేషన్ ఉండే చక్కెర లాంటి మందు పవర్ దాదాపు 110 నిమిషాలకే సగం అయిపోతాది, తెచ్చి బీరువాలో పెట్టుకునే సరుకు కాదది. ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు పర్లేదు. మా అత్త తెల్లారి బస్టాండ్‌లో "కాఫీయే కదరా" అని చక్కెరేసుకుని తాగేసింది, అక్కడ సూది గుచ్చి చూస్తే షుగర్ 240, అంతుంటే స్కాన్ సరిగ్గా రాదని వారం వాయిదా! షుగర్ మాత్రల సంగతి ముందే అడుగు.

తిరుపతిలో అలిపిరి టాటా క్యాన్సర్ ఆస్పత్రికో, స్విమ్స్ ఆస్పత్రికో, రాయవేలూరు సీఎంసీకో సెకండ్ ఒపీనియన్‌కి పోతే రిపోర్ట్ కాగితం ఒక్కటే చాలదు, బయాప్సీ బ్లాకులు (ముక్కని మైనంలో పెట్టి దాచినవి), స్లైడ్లు కూడా అడిగి తీసుకెళ్ళు.