ఆ ఒక్క ఏడాదీ వాడికి వదిలెయ్యి

బుజ్జీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. చిన్నాడిని నర్సరీ నుంచి పన్నెండో తరగతి దాకా ఒకేచోట ఉండే ప్రైవేటు స్కూల్లో వెయ్యబోతున్నారట కదా. మీ ఇద్దరూ జీతాల లెక్క వేసుకుని, నాలుగు స్కూళ్ళు తిరిగి చూసి మరీ తేల్చుకున్నారని చెప్పింది. ఎంత సంతోషమేసిందో. నా వేలు పట్టుకుని బడి గేటు దగ్గర వెక్కివెక్కి ఏడ్చిన పిల్లవి, ఇవాళ నీ కొడుక్కి బడి వెతుకుతున్నావు. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది: “వాడికి అక్షరాలన్నీ వచ్చు కాబట్టి నర్సరీ అక్కర్లేదు, నేరుగా పై క్లాసులో తీసుకుంటామన్నారు.” ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాయడం మొదలుపెట్టాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఫీజు ఈ ఏడాది ఎంతో కాదు, ఏటా ఎంత పెంచుతారో అడుగు. ఏటా పది శాతం పెరిగితే ఏడేళ్ళలో దాదాపు రెట్టింపవుతుంది, పద్నాలుగేళ్ళకి దాదాపు నాలుగు రెట్లు. మధ్యలో మానిపిస్తే డిపాజిట్ తిరిగిస్తారో లేదో కాగితం మీద రాయించుకో. బస్సులో ఎంతసేపు కూర్చోవాలో ఒకసారి నువ్వే ప్రయాణం చేసి చూడు. పిల్లల టాయిలెట్లు చూడకుండా ఏ స్కూల్‌కీ సరే అనకు.

గోడ మీద ర్యాంకుల ఫొటోలు చూసి మురిసిపోకు. ముప్పై ఫొటోలుంటే, పరీక్ష రాసినవాళ్ళు ఎంతమంది అని అడుగు. తొమ్మిదో తరగతిలో ఉన్నవాళ్ళలో ఎంతమంది పన్నెండు దాకా అక్కడే చదివారు అని కూడా అడుగు. మార్కులు తక్కువ వచ్చేవాళ్ళని నెమ్మదిగా బయటికి పంపి ఫలితాలు నిలబెట్టుకునే స్కూళ్ళని నేను దగ్గర్నుంచి చూశాను. ఓఈసీడీ అనే దేశాల కూటమి వాళ్ళు చాలా దేశాల్లో 15 ఏళ్ళ పిల్లలకి పెట్టే పీసా అనే పరీక్షల్లోనూ సగటున ప్రైవేటు స్కూలు పిల్లలు ముందుంటారు. కానీ ఇంటి స్థితిగతుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే చాలా దేశాల్లో ఆ తేడా దాదాపు పోతుంది. అందుకని మానెయ్యమని కాదు తల్లీ. మంచి టీచర్లున్న స్కూలైతే తప్పకుండా వెయ్యి. టీచర్లు ఎన్నాళ్ళుగా అక్కడే ఉంటున్నారో మాత్రం కనుక్కో. ఏటా సగంమంది మారిపోయే చోట పిల్లాడి సంగతి ఎవరికీ తెలియదు.

ఇక అసలు విషయానికొస్తాను. దీని గురించి మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

మీ అన్నయ్యకి మూడేళ్ళు నిండకుండానే పుస్తకంలో అక్షరాలు గుర్తుపట్టడం వచ్చేసింది. నేను టీచర్ని కదా, నా పిల్లాడికి ముందే వచ్చిందని పొంగిపోయాను. స్కూలు పెట్టిన వయసు గడువుకి వాడు ఇరవై మూడు రోజులు చిన్నవాడు. ఆ ఇరవై మూడు రోజుల కోసం ఒక ఏడాది ఆగాలా అని బాధపడ్డాను. ఆలస్యం అమృతం విషం అనుకుని, నేనే వెళ్ళి హెడ్మాస్టర్‌ని బతిమాలాను. వాడి చేత అక్కడే చదివించి చూపించాను. ఆయన నవ్వి సరే అన్నారు. మీ పెదనాన్న ఒక్కరే, “ఆగుదామే, వాడు ఎక్కడికీ పోడు” అన్నారు. నేను వినలేదు.

మొదటి నెలలోనే తెలిసి ఉండాల్సింది. వాడికి చదవడం వచ్చు గానీ చొక్కా గుండీ పెట్టుకోవడం రాదు, టాయిలెట్‌కి వెళ్తానని గట్టిగా అడగడం రాదు. రెండుసార్లు తడిసిన నిక్కరుతో ఇంటికొచ్చాడు. పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకునేవాడు. వేళ్ళతో పట్టుకోమని నేను పక్కన కూర్చుని మూడు పేజీలు రాయించేదాన్ని. ఆ నోటు పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఒక పేజీలో వాడు చెరిపి చెరిపి కాగితానికి చిల్లి పడింది. చుట్టూ బూడిదరంగు మరక, దాని మీద చిన్న బొటనవేలి ముద్ర. ఆ పేజీకి నేను తిట్టాను బుజ్జీ, కాగితం పాడు చేశావని.

చేతి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ, చివరిది ఎముకయ్యేసరికి పిల్లలకి ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వయసు వస్తుంది. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిసిన రోజు ఆ పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను.

తర్వాత ప్రతి క్లాసులోనూ వాడే చిన్నవాడు. నాలుగో తరగతి టీచరు “కుదురు లేదు, బద్ధకం” అని రిపోర్టులో రాశారు. నేను నమ్మాను. పక్కన కూర్చున్నవాడు వీడికన్నా పదకొండు నెలలు పెద్ద అని ఆ టీచరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. నాలుగేళ్ళ పిల్లాడికి పదకొండు నెలలంటే బతికిన కాలంలో దాదాపు నాలుగోవంతు. 2006లో బెడార్డ్, డ్యూయీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చాలా దేశాల పిల్లల మార్కులు చూశారు. క్లాసులో అందరికన్నా చిన్నవాళ్ళు అందరికన్నా పెద్దవాళ్ళ కంటే నాలుగో తరగతిలో 4 నుంచి 12 పర్సంటైళ్ళు (వందమందిని మార్కుల వరసలో నిలబెడితే అన్ని స్థానాలు), ఎనిమిదో తరగతిలో ఇంకా 2 నుంచి 9 పర్సంటైళ్ళు వెనకబడి ఉన్నారు. ఎనిమిదేళ్ళు బడికెళ్ళినా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఇది సగటు లెక్కే, ఏ ఒక్క పిల్లాడి జాతకమూ కాదు. కానీ నా కొడుకు విషయంలో నేను చూసిందీ అదే.

చివరి రెండేళ్ళలో ఇంకా కష్టమైంది. ఏ సబ్జెక్టులు తీసుకోవాలో తేల్చుకునే వేళకి స్నేహితులందరికీ మీసాలొచ్చాయి, వీడి గొంతు కూడా మారలేదు. ఏది ఇష్టమో చెప్పరా అంటే బిక్కమొహం వేసుకుని “వాళ్ళందరూ తీసుకున్నదే” అన్నాడు. అదే తీసుకున్నాడు. కాలేజీలో మొదటి ఏడాది సగంలో మానేసి ఇంటికొచ్చి, ఒక సంవత్సరం ఏమీ చెయ్యకుండా ఉన్నాడు. చుట్టాలందరూ ఏడాది వృథా అయిందన్నారు. మీ పెదనాన్న మాత్రం నా వైపు చూసి, “అప్పుడు తీసుకున్నది ఇప్పుడు తిరిగిచ్చేశాం, అంతే” అన్నారు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు, నీకు తెలుసు. అయినా నీ కొడుకు పేరు చెప్పి “పై క్లాసు” అనగానే నాకు ఆ చిల్లు పడ్డ కాగితమే కనిపించింది.

వాడికి అక్షరాలొస్తే రానీ, సంతోషం. నర్సరీ అక్షరాల కోసం మాత్రమే కాదు. ఫ్రోబెల్ అనే జర్మన్ విద్యావేత్త 1840లో పసిపిల్లల బడికి పెట్టిన కిండర్‌గార్టెన్ అనే పేరుకి జర్మన్‌లో అర్థం పిల్లల తోట. 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచిన ఇటలీ డాక్టరమ్మ మాంటిస్సోరి పద్ధతిలో మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ వాళ్ళు ఒకే గదిలో ఉంటారు. గుండీలు పెట్టడం, నీళ్ళు ఒలకకుండా పొయ్యడం అక్కడ పాఠాలే. నువ్వు స్కూలు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో కూర్చోకు. నర్సరీ క్లాసు వెనకాల అరగంట నిలబడతానని అడుగు. ఏడుస్తున్న పిల్లాడి దగ్గరికి టీచరు ఎంతసేపటికి వెళ్తుందో చూడు. వాళ్ళు అలా నిలబడనివ్వకపోతే ఆ స్కూలే ఒద్దు.

పెద్ద క్లాసుల గురించి ఇప్పుడే బెంగపడకు. ఒక్కటి మాత్రం కనుక్కో: చివరి రెండేళ్ళలో ఏయే కోర్సులున్నాయి, ఒకదాంట్లోంచి ఇంకోదానికి మారనిస్తారా అని. ఐబీ డిప్లొమా అనే అంతర్జాతీయ కోర్సులో ఆరు సబ్జెక్టులు, 4,000 పదాల దాకా ఒక పరిశోధన వ్యాసం ఉంటాయి. ‘ఏ లెవెల్’ (A Level) అనే బ్రిటన్ కోర్సులో ఎక్కువమంది మూడు సబ్జెక్టులే తీసుకుని లోతుగా చదువుతారు. రెండూ మంచివే, కానీ పదిహేనేళ్ళకి లెక్కలు వదిలేస్తే ఇంజనీరింగ్ లాంటి దారులు మూసుకుంటాయి. అది వాడు తెలిసి వదలాలి, తెలియక కాదు. అప్పటికి వాడికి ఒక ఏడాది ఎక్కువ వయసుంటే ఆ తెలివిడి కొంచెం ఎక్కువే ఉంటుంది.

నువ్వు నొచ్చుకుంటావేమో అని రెండుసార్లు ఆగాను రాస్తూ. నీ పెంపకం మీద నాకు అనుమానం లేదు తల్లీ, నాకున్న తెలివి కన్నా నీకు పదింతలుంది. అప్పుడు నాకూ తెలివుంది, ఆత్రమే ఎక్కువైంది.

అడ్మిషన్ ఫారం ఇంకా ఇవ్వలేదు కదా? ఏ తరగతి అన్న గడి ఖాళీగా ఉంచు. ఆదివారం వస్తున్నాను, ఆ నోటు పుస్తకం తీసుకొస్తాను. చూశాక నింపుదువుగాని.

మీ పెద్దమ్మ