అమ్మాయి లండన్ ఫ్లాట్ లీజు: ఇప్పుడే పొడిగించాలా, ఆగాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి, అల్లుడు నాలుగేళ్ళ క్రితం తూర్పు లండన్‌లో ఫ్లాట్ కొన్నారు. సొంతిల్లే కదా అనుకున్నాం. ఇప్పుడేమో అది లీజు ఫ్లాటని, ఇంకా 80 ఏళ్ళ 10 నెలలే మిగిలిందని, పొడిగించుకోకపోతే రేపు అమ్ముకోవడం కష్టమని అమ్మాయి టెన్షన్ పడుతోంది. స్థలం యజమాని కంపెనీ ఉత్తరం రాసిందట: లీజు 125 ఏళ్ళకి పెంచుతాం, ఏడాదికి 250 పౌండ్ల గ్రౌండ్ రెంట్ (స్థలం అద్దె) మాత్రం పాత గడువు తీరేదాకా కట్టండి అని. కొత్త చట్టంతో ఖర్చు తగ్గుతుంది, ఆగమని స్నేహితులు అంటున్నారట. కొన్న ఇంటికి మళ్ళీ డబ్బు కట్టడమేంటి, ఇది మోసం కాదా? రోడ్డు పక్కన అరెకరం చెరువుంది, అమ్మి పంపమంటారా?
– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మోసం కాదండి, అక్కడి పద్ధతే అంత. మన దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొంటే స్థలంలో ఇన్ని గజాలు అవిభాజ్య వాటా అని దస్తావేజులోనే రాస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో చాలా ఫ్లాట్లకి అది ఉండదు. భూమీ భవనమూ స్థలం యజమాని అయిన ఫ్రీహోల్డర్‌వి, మీ పిల్లలు కొన్నది అన్నేళ్ళు అందులో ఉండే హక్కు. మీ ఊళ్ళో చెరువు లీజుకి తీసుకున్నవాడు గడువు తీరాక గట్టుతో సహా అప్పగించి వెళ్తాడు కదా, ఇదీ అంతే. కాకపోతే అక్కడ ఆ హక్కునే లక్షల పౌండ్లకి అమ్ముతారు, కొంటారు, బ్యాంకులు దాని మీదే అప్పిస్తాయి. ఏళ్ళు తరిగేకొద్దీ బ్యాంకులు వెనకాడతాయి, అందుకే కొనేవాళ్ళు దొరకరు. 80 ఏళ్ళంటే మనకి రెండు తరాల లెక్క, వాళ్ళ మార్కెట్‌లో అది ప్రమాద ఘంటిక.

ఆ 80 దగ్గరే ఉంది అసలు సంగతి. పొడిగింపుకి కట్టే సొమ్ములో యజమాని పోగొట్టుకునే గ్రౌండ్ రెంట్‌కీ, ఇల్లు తన చేతికి తిరిగి రావడం ఆలస్యమవుతున్నందుకూ పరిహారం ఎలాగూ ఉంటుంది. పొడిగింపు కావాలని యజమానికి నోటీసిచ్చే రోజుకి మిగిలిన గడువు 80 ఏళ్ళకి మించి లేకపోతే ఇంకోటి కలుస్తుంది, దాన్ని మ్యారేజ్ వాల్యూ అంటారు. లీజు పొడిగించడం వల్ల కలిసొచ్చే విలువలో సగం యజమానికి పోతుంది. ఉదాహరణకి అది 20 వేల పౌండ్లని లెక్క తేలితే 10 వేలు అదనంగా కట్టాల్సిందే. మీ అమ్మాయికి ఇంకా 10 నెలలుంది కాబట్టి ఇవాళ ఆ భారం లేదు.

ఇక స్నేహితుల సలహా. 2024లో కొత్త చట్టం వచ్చిన మాట నిజమే. ఫ్లాట్ కొన్నాక రెండేళ్ళు ఆగితేగానీ పొడిగింపు అడగకూడదన్న పాత షరతు 2025 జనవరి 31న పోయింది. మ్యారేజ్ వాల్యూ రద్దు, ఒకేసారి 990 ఏళ్ళ పొడిగింపు అనే పెద్ద మార్పులు మాత్రం ఇది రాసేనాటికి అమల్లోకి రాలేదు. అయినా రాని భారాన్ని తప్పించుకోవడానికి ఆగడమెందుకు? ఆగితే కలిసొచ్చేది కొంచెం, ఆ మార్పులు ఆలస్యమై లీజు గడువు 80 కిందకి జారితే నష్టం పెద్దది. నేనైతే ఆగమనను.

చేయాల్సింది పొడిగింపు హక్కు ఇచ్చే 1993 నాటి చట్టం కింద యజమానికి ఆ నోటీసు (సెక్షన్ 42 నోటీసు) ఇప్పించడం. విలువ కట్టే తేదీ నోటీసిచ్చిన రోజుతో ఖాయమైపోతుంది, తర్వాత బేరం ఏడాది సాగినా ఫరవాలేదు. మిగిలిన గడువుకి 90 ఏళ్ళు కలుస్తాయి, అంటే 170 ఏళ్ళ 10 నెలలు, గ్రౌండ్ రెంట్ సున్నా. కంపెనీ ఉత్తరంలో ఉన్నదేమో 125 ఏళ్ళు, పైగా ఏటా 250 పౌండ్లు, 80 ఏళ్ళకి 20 వేల పౌండ్లు! పైకి కట్టే మొత్తం తక్కువగా కనిపిస్తుంది, అంతే. నోటీసు లేకుండా చేసే ఇలాంటి బేరంలో ఇంకో ఇబ్బంది ఉంది, వాళ్ళు ఎప్పుడైనా తప్పుకోవచ్చు, ఈలోగా మీ నెలలు కరిగిపోతాయి. బేరమాడద్దని కాదు, ముందు నోటీసు పడనివ్వండి, తర్వాత ఎంతైనా ఆడుకోవచ్చు.

నోటీసుకి బదులివ్వడానికి యజమానికి కనీసం రెండు నెలలు టైమివ్వాలి. వాళ్ళు దానికి జవాబుగా కౌంటర్ నోటీసు ఇచ్చాక ధర కుదరకపోతే, దాని తేదీ నుంచి ఆరు నెలల్లోపు ఇలాంటి తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. ఆ తేదీ దాటితే నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క, కష్టమంతా వృథా. అందుకని ఇల్లు కొన్నప్పుడు పని చేసిన లాయరే చాలనుకోవద్దు, లీజు పొడిగింపులు చేసే లాయర్‌నీ, విలువ కట్టే సర్వేయర్‌నీ పెట్టుకోమనండి. యజమాని తరఫు లాయర్, సర్వేయర్ ఫీజులు కూడా, సమంజసమైన మేరకు, ఇప్పటికీ మీవాళ్ళే కట్టాలి (అన్యాయమే, కొత్త చట్టం మార్చబోయే వాటిలో అదీ ఒకటి). నోటీసిచ్చాక అందులో రాసిన మొత్తంలో 10 శాతం గానీ 250 పౌండ్లు గానీ, ఏది ఎక్కువైతే అది డిపాజిట్ అడగొచ్చు. లీజు పత్రం తీసి మొదలైన తేదీ కళ్ళారా చూసుకోమనండి, ఆ 10 నెలల లెక్క ఎవరో చెప్పింది కాకూడదు. ప్రభుత్వ నిధులతో నడిచే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉచితంగా సలహా ఇస్తుంది, వెబ్‌సైట్‌లో ఉజ్జాయింపు లెక్క కట్టే కాలిక్యులేటర్ కూడా ఉంది.

చెరువు మాత్రం ఇప్పుడే బేరం పెట్టకండి. సర్వేయర్ అంకె చెప్పనివ్వండి. ఆ మొత్తాన్ని ఉన్న ఇంటి అప్పులో కలిపిస్తారేమో అల్లుడుగారిని బ్యాంకులో అడగమనండి. ఇక్కడి నుంచి పంపాల్సే వస్తే, విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, మీరూ మీ ఆవిడా చెరికొంతా పంపితే సరి. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. పంపే ముందు మీ ఆడిటర్‌కి ఒక మాట చెప్పండి.