కల్చర్ రిపోర్టులో అన్నీ 'ఆర్' వస్తే ఇక మందే లేనట్టా?

మీ నాన్నగారి యూరిన్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా పెరిగిందని, అన్ని మందుల పక్కనా 'ఆర్' (ఆ మందుకి లొంగదు) ఉండి కొలిస్టిన్ అనే మందుకి మాత్రం 'ఐ' (మధ్యస్థం) వచ్చిందని రాశారు. ఇక మందే లేదా, బాక్టీరియాను చంపే వైరస్‌లతో చేసే ఫేజ్ థెరపీ కోసం జార్జియా దేశం వెళ్లాలా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా ఇలాంటి రిపోర్టులే తయారు చేస్తున్నాను. డాక్టర్‌ని కాదు. ఏ మందు వాడాలో వాళ్లే చెప్పాలి. ఆ కాగితాన్ని ఎలా చదవాలో మాత్రం చెప్పగలను.

ముందు ఆ 'ఐ' చూసి టెన్షన్ పడకండి. అమెరికా ప్రమాణాలు పాటించే ల్యాబుల్లో 2020 నుంచి కొలిస్టిన్‌కి 'ఎస్' (మందుకి లొంగుతుంది) అని ఇవ్వడమే లేదు. 'ఐ' లేదా 'ఆర్', అంతే. కాబట్టి ఆ మందుకి రాగలిగిన మంచి ఫలితమే మీకు వచ్చింది. 'ఎస్' తీసేయడానికీ కారణముంది. ల్యాబులో పనిచేసినంతగా అది మనిషిలో పనిచేయడం లేదు, పైగా కిడ్నీలను దెబ్బతీస్తుంది. అలాగే యాంపిసిలిన్ పక్కన ఉన్న 'ఆర్'ని వదిలేయండి, క్లెబ్సియెల్లా మీద అది ఎప్పుడూ పనిచేయదు. ఇంకేమీ పనిచేయనప్పుడు వాడే ఈ కొలిస్టిన్‌ని 2019లో కేంద్రం నిషేధించేదాకా కోళ్ల దాణాలో కలిపేవారు. తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

మీరు డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ క్లెబ్సియెల్లాలో ఏ ఎంజైమ్ ఉంది? మెరోపెనెమ్ లాంటి పెద్ద మందులను కూడా విరగ్గొట్టే ఎంజైమ్‌లలో మన దేశంలో ఎక్కువగా కనిపించేవి ఎన్‌డీఎం, ఆక్సా-48 రకాలు. అమెరికాలో ఎక్కువగా చెప్పుకునేది కేపీసీ. కొత్త మందుల్లో చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి. టీబీకి వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ మిషన్‌లోనే దీనికీ ఒక పరీక్ష ఉంది, గంటలో తేలిపోతుంది.

2015లో అమెరికాలో అనుమతి పొందిన సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్ మన దగ్గరా దొరుకుతుంది. ఆక్సా-48 ఉంటే పనిచేస్తుంది, ఎన్‌డీఎం ఉంటే చేయదు. అప్పుడు అక్కరకొచ్చేది అజ్‌ట్రియోనామ్ అనే పాత ఇంజెక్షన్. ఎన్‌డీఎం దాన్ని ఏమీ చేయలేదు. అయితే అదే బాక్టీరియాలో ఉండే వేరే ఎంజైమ్‌లు దాన్ని పాడుచేస్తాయి. ఆ వేరే వాటిని అవిబాక్టమ్ ఆపుతుంది. అందుకే రెండు ఇంజెక్షన్లూ కలిపి ఇస్తారు. బాక్టీరియాను పెంచే ప్లేట్ మీద ఈ రెండు మందుల డిస్కులూ (మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు) పక్కపక్కన పెట్టి చూస్తే, విడిగా ఏ డిస్కుకీ లొంగకుండా దట్టంగా పెరిగిన బాక్టీరియా, ఆ రెండింటి మధ్య మాత్రం పెరగలేక చోటు ఖాళీగా వదిలేస్తుంది. అన్నీ 'ఆర్' అని రిపోర్టు ఇచ్చిన రోగి ప్లేటులో ఆ ఖాళీ కనిపించి, వార్డుకి ఫోన్ చేసి చెప్పడం కంటే నాకు ఈ ఉద్యోగంలో ఇష్టమైన పని లేదు. అజ్‌ట్రియోనామ్, అవిబాక్టమ్‌ల జోడీని ఒకే మందుగా 2024లో యూరప్, 2025లో అమెరికా అనుమతించాయి. ఖర్చు ఎక్కువే, రోజుకి చాలాసార్లు ఎక్కించాలి. కిడ్నీ పనితీరును బట్టి డోసు మారుతుంది.

చెన్నైలో కనిపెట్టిన ఎన్‌మెటజోబాక్టమ్, సెఫెపిమ్‌తో కలిపి, 2024లో అమెరికా అనుమతి తెచ్చుకుంది. మన గడ్డ మీద పుట్టిన మందుకి అంత గుర్తింపు రావడం నిజంగా గర్వంగా ఉంది. కానీ అది కూడా ఎన్‌డీఎం మీద పనిచేయదు, కాబట్టి వార్త చదివి అదే కావాలని పట్టుబట్టకండి.

ఇక ఫేజ్‌ల సంగతి. జార్జియా రాజధాని టిబిలిసిలో ఫేజ్‌ల మీద పనిచేసే ఎలియావా సంస్థ 1923 నుంచీ ఉంది. 2016లో అమెరికాలోని శాన్‌డియేగోలో కోమాలో ఉన్న టామ్ ప్యాటర్సన్ అనే రోగికి ఫేజ్‌లు ఎక్కించాక ఆయన తేరుకున్నారు. అది నిజం. అయితే ఆయన ఒంట్లో ఉన్న అసినెటోబాక్టర్ అనే బాక్టీరియాకి సరిగ్గా సరిపోయే ఫేజ్‌ల కోసం ఆయన భార్య, వైద్యులు, శాస్త్రవేత్తలు ఎన్నో ల్యాబులను కదిలించాల్సి వచ్చింది. ఒకరికి పనిచేసిన ఫేజ్ ఇంకొకరికి పనిచేస్తుందన్న నమ్మకం లేదు. పైన చెప్పిన మందులు చూడకుండా విమానం టికెట్లు కొనకండి.

ఇంకోటి మీరు రాయలేదు. నాన్నగారికి జ్వరం, మంట, నడుము పక్కన నొప్పి ఏమైనా ఉన్నాయా? పెద్దవయసులో, ముఖ్యంగా కాథెటర్ ఉన్నవాళ్ల మూత్రంలో ఏ ఇబ్బందీ లేకుండానే బాక్టీరియా ఉండొచ్చు. అలాంటప్పుడు, మూత్రనాళానికి సంబంధించిన ఆపరేషన్ ఏదీ లేకపోతే, సాధారణంగా యాంటీబయాటిక్ ఇవ్వరు. కాథెటర్ పెట్టి చాలా రోజులైతే దాన్ని మార్చి, కొత్త దాంట్లోంచి శాంపిల్ తీయమనండి. బ్యాగులోంచి తీసింది పనికిరాదు. లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ స్పెషలిస్ట్‌కి చూపించండి.

ఈరోజే ల్యాబుకి ఫోన్ చేసి, ఆ క్లెబ్సియెల్లాని పారేయకుండా దాచమని అడగండి. చాలా చోట్ల ప్లేట్లు కొద్ది రోజులే ఉంచుతారు. పారేస్తే ఎంజైమ్ పరీక్షకి, డిస్కుల పరీక్షకి మళ్లీ శాంపిల్ ఇచ్చి కల్చర్ పెరిగేదాకా ఆగాలి.