కంటి ఫొటో చూసి మిషన్ చెప్తే నమ్మాలా?

ప్రశ్న: మా అమ్మకి పన్నెండేళ్లుగా షుగర్ అండి. మొన్న ఊళ్ళో క్యాంపులో కళ్ళ ఫొటోలు తీశారు, ఐదు నిమిషాల్లో కంప్యూటరే రిపోర్టిచ్చేసింది, ఎడమ కన్ను కంటి డాక్టరుకి చూపించాలంట, కుడి కన్ను ఫొటో సరిగ్గా రాలేదంట. అమ్మేమో 'పేపరు గడగడా చదువుతున్నా, ఇంకేం చూపించేది' అంటుంది. డాక్టరే చూడకుండా చెప్పింది నమ్మొచ్చా? కుడి కన్ను బాగున్నట్టేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు కుడి కన్ను సంగతి. బాగున్నట్టు కాదండి, అసలు చూడనట్టు. శుక్లం ఉన్నా, కంటిపాప చిన్నగా ఉన్నా, గదిలో వెలుతురు ఎక్కువున్నా ఫొటో మసగ్గా వస్తుంది, అప్పుడు మిషన్ నాకు తెలీదు పొమ్మంటుంది. థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో ఇలా కంటి ఫొటోలు చదివే గూగుల్ సిస్టమ్ పెట్టి చూస్తే నూటికి 21 ఫొటోలు ఇలాగే తిప్పికొట్టింది, 2020లో వాళ్ళే బయటపెట్టారు. నన్నడిగితే తెలీనిది తెలీదనడమే నయం.

ఇక నమ్మకం గురించి. ఇలాంటి మిషన్‌కి షుగర్ వల్ల వచ్చే కంటి జబ్బు ఇలా ఉంటుందని ఎవరూ రూల్స్ రాసివ్వలేదు. 2016లో గూగుల్ వాళ్ళు 1,28,175 రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) ఫొటోలు తీసుకుని, ఒక్కోటీ కంటి డాక్టర్లతో మూడు నుంచి ఏడు సార్లు గ్రేడ్ వేయించి డీప్ లెర్నింగ్ నెట్‌వర్క్‌కి, అంటే ఉదాహరణలు చూసి తనే నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాంకి చూపించారు, అది తప్పు చెప్పినప్పుడల్లా లోపలి అంకెలు కాస్త కాస్త సర్దుకుంటూ పోయి చివరికి డాక్టర్లతో సరితూగేలా చెప్పింది. ఆ ఫొటోల్లో మన అరవింద్, శంకర నేత్రాలయ ఆస్పత్రులవి కూడా ఉన్నాయి. 2018లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, ఇలాంటిదే ఐడీఎక్స్-డీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌కి డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పే పర్మిషన్ ఇచ్చింది. కానీ ఫొటో సరిగ్గా వస్తే అది చెప్పేది రెండే ముక్కలు, డాక్టరుకి చూపించు, లేదా ఏడాది తర్వాత మళ్ళీ రా. నీటికాసులు, శుక్లం దాని పని కాదు.

అమ్మ పేపరు చదవడం నిజమే, అక్కడే అందరూ మోసపోతారు. షుగర్ వల్ల రెటీనాలో సన్న రక్తనాళాలు ఉబ్బుతాయి, కారుతాయి, చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపిస్తాయి, అది రెటీనా మధ్యలో ఉండే, సూటి చూపునిచ్చే మాక్యులా దాకా రానంతకాలం చాలామందికి చూపు బానే ఉంటుంది, వచ్చాక పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

కాబట్టి ఈ వారమే రెండు కళ్ళూ చూపించండి. క్యాంపు రిపోర్టు, షుగర్ టెస్టుల కాగితాలు పట్టుకెళ్ళండి. చుక్కల మందు వేస్తారు, కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, ఎండలో కళ్ళు తెరవలేరు. అమ్మని ఒక్కదాన్నే బస్సెక్కించకుండా మీరే వెంట వెళ్ళండి.