ఫిజిక్స్ కోసం ఏ లెక్కలు ముందు?

ప్రశ్న: బెంగళూరులో బీఎస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వెక్టర్ కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, కాంప్లెక్స్ అనాలిసిస్... ఏది ముందు తీసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, మారతహళ్లి

జవాబు: టెన్షన్ వద్దమ్మా. ఇంటర్‌లో చేసిన డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ ఇంకా చేతిలో ఉన్నాయో లేదో ముందు చూసుకో. ఆ వెంటనే వెక్టర్ కాల్క్యులస్ పట్టుకో, ఎందుకంటే విద్యుత్తు, అయస్కాంతత్వాలను వివరించే మాక్స్‌వెల్ 4 సమీకరణాల్లో ఉండే డైవర్జెన్స్ (క్షేత్రం ఒక బిందువు నుంచి ఎంత బయటికి విస్తరిస్తోందో), కర్ల్ (ఎంత సుడి తిరుగుతోందో) అర్థం కాకుండా ఎలక్ట్రోమాగ్నెటిజం క్లాసులో కూర్చుంటే బోర్డు మీది గుర్తులు నోట్సులోకి ఎక్కించుకోవడమే మిగులుతుంది. ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు దాంతోపాటే చదవచ్చు, స్ప్రింగుకు కట్టిన బరువు ఊగడం, లోలకం అన్నీ అవే కదా.

లీనియర్ ఆల్జీబ్రాని మాత్రం చాలామంది మ్యాట్రిక్సుల గుణకారంతో ఆపేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. ఐగెన్ వెక్టర్లు (మ్యాట్రిక్స్‌తో గుణించినా తమ గీత మీదే ఉండేవి), ఐగెన్ విలువలు (అవి ఎన్ని రెట్లవుతాయో చెప్పేవి) రాకపోతే క్వాంటమ్ మెకానిక్స్‌లో కొలిస్తే వచ్చే విలువలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అంతుపట్టదు, కాబట్టి ఆ పేపర్‌కి ముందే పూర్తి చెయ్యి. ఫూరియర్ సిరీస్, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఆ తర్వాత. క్వాంటమ్ మెకానిక్స్‌కి మూలమైన ష్రోడింగర్ సమీకరణం పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషనే. కాంప్లెక్స్ అనాలిసిస్ చివర్లో పెట్టుకున్నా నష్టం లేదు, కాంప్లెక్స్ సంఖ్యలు మాత్రం ఇప్పుడే బాగా రావాలి.